మీకు తెలుసా? బ్రేక్ పెడల్ మెత్తబడటం వెనక ఎన్ని సంగతులున్నాయో!

తొక్కగానే కాలికి గట్టిగా తగలాల్సిన బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోందని బండిని షెడ్డుకు తీసుకెళ్తే, చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "ఎయిర్ పట్టిందన్నా, తీసేస్తే అయిపోద్ది." ఒక్కోసారి అది నిజమే. కానీ గాలి మీద నేరం మోపే ముందు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. పెడల్ ఏ తీరున మెత్తబడిందో గమనిస్తే, ఒక్క నట్టు విప్పకుండానే లోపం ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే చిన్న కార్లను, అంటే ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉన్నవాటిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్న ముచ్చట్లివి.

● ఒక్క సీసీ గాలి చాలు

పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది మాస్టర్ సిలిండర్. చిన్న కారులో దాని లోపలి వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు. అంటే అందులో కదిలే పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఎంత నొక్కినా బ్రేక్ ఆయిల్ దాదాపు కుంచించుకుపోదు. గాలి అలా కాదు. గట్టిగా బ్రేక్ వేస్తే పైపుల్లో ఒత్తిడి మామూలు గాలి పీడనానికి 50 రెట్లు దాటుతుంది, 1 సీసీ బుడగ నలిగి ఆనవాలు లేకుండా పోతుంది. ఆ ఖాళీని నింపడానికి పిస్టన్ అదనంగా 3 మిల్లీమీటర్లకు పైగా జరగాలి. పెడల్ మీటలా పనిచేస్తుంది కాబట్టి, పిస్టన్ జరిగిన దానికి నాలుగు రెట్లు పాదం దిగుతుందనుకుంటే 12 మిల్లీమీటర్లు దాటింది. అదే సగం టీస్పూను గాలి చేరితే 3 సెంటీమీటర్లు! బ్రేక్ పట్టాల్సిన చోటు దాటి కాలు ఎక్కడికో పోతుంది.

● మెత్తదనం అంతా ఒకటి కాదు

బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, పెడల్‌ను రకరకాలుగా తొక్కి చూడండి.

వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పెడల్ పైకి లేచిందా? అయితే కారణం రెండింటిలో ఒకటి. కాలి కింద స్పాంజిలా సాగుతున్నట్టు ఉంటే పైపుల్లో గాలి ఉంది. అలా సాగకుండా, చాలా కిందికి దిగి అక్కడ రాయిలా ఆగిపోతుంటే గాలి కాదు, వెనక డ్రమ్ములను లోపలినుంచి ఒరుసుకుని ఆపే షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగింది.

ఒకే బలంతో అర నిమిషం తొక్కిపట్టి ఉంచితే పెడల్ మెల్లగా నేల వైపు జారుతోందా? అది మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగిన లక్షణం, లేదా ఎక్కడో లీకు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే లీకు కోసం వెతకాలి. చక్రాల లోపలి అంచులు, డ్రమ్ముల అడుగు, పెడల్ పక్కన కాలి కింది కార్పెట్ తడిసిందేమో చూడాలి. మట్టం తగ్గకుండానే జారుతుంటే ఆయిల్ బయటికి పోవడం లేదు, సిలిండర్ లోపలే కప్పులను దాటి వెనక్కి వస్తోంది. కారు కింద చుక్క తడి కూడా కనిపించదు కాబట్టి ఈ లోపాన్ని పట్టుకోవడంలో పొరపాట్లు ఎక్కువ.

గతుకుల్లోనో మలుపుల్లోనో వెళ్లాక మొదటిసారి మాత్రమే లోతుగా దిగి, రెండోసారికి మామూలుగా ఉంటోందా? వీల్ బేరింగ్ వదులైందేమో, డిస్కు వంకర తిరిగిందేమో చూడమనండి. ఆ ఊగులాటకు డిస్కు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. మొదటి తొక్కు వాటిని మళ్లీ దగ్గరికి తేవడానికే సరిపోతుంది.

● హ్యాండ్‌బ్రేక్ చెప్పే సాక్ష్యం

ఇది పైసా ఖర్చులేని పరీక్ష, అయినా చేసేవాళ్లు తక్కువ. ముందు మామూలుగా పెడల్ తొక్కి ఎంత దిగుతోందో చూసుకోండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ బాగా పైనే ఆగితే తప్పు వెనక షూలది. హ్యాండ్‌బ్రేక్ తీగ షూలను డ్రమ్ముకు దగ్గరగా లాగిపెట్టింది కాబట్టి, ఆ దూరం నింపే పని మాస్టర్ సిలిండర్‌కు తప్పింది. రెండుసార్లూ ఒకేలా ఉంటే వెనక షూలను వదిలేసి మిగతా చోట్ల వెతకొచ్చు.

షూలు అరిగేకొద్దీ వాటిని దగ్గరికి జరిపే ఆటోమేటిక్ అడ్జస్టర్ డ్రమ్ములోనే ఉంటుంది. దుమ్ము, తుప్పు పట్టి అది బిగుసుకుపోవడం మన ఎండావానల్లో మామూలే. డ్రమ్ము విప్పి, శుభ్రం చేసి, అడ్జస్టర్ స్వేచ్ఛగా తిరిగేలా చేస్తే సరిపోతుంది. కానీ చాలామంది డ్రమ్ము విప్పే పని తప్పించుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను లోపల బిగించేస్తారు. లివర్ రెండు క్లిక్కులకే పట్టుకుంటుంది, కస్టమర్ సంతోషపడతాడు. డ్రమ్ము లోపల మాత్రం హ్యాండ్‌బ్రేక్ మీట ఎప్పుడూ కొంచెం లాగినట్టే ఉండటంవల్ల అడ్జస్టర్ తన పని తాను చేసుకోలేకపోతుంది, పెడల్ మళ్లీ కిందికే వస్తుంది. ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్. ఈ వరుస తప్పిన పనికి డబ్బులివ్వడం దండగ.

ఎన్నిసార్లు ఎయిర్ తీయించినా పెడల్ లేవని కార్లలో అసలు జబ్బు చాలాసార్లు ఈ బిగుసుకుపోయిన అడ్జస్టరే.

● ఆముదంతో పనిచేసిన బ్రేకులు

తొలినాళ్ల బ్రేక్ ద్రవాల్లో ఆముదం ఉండేది! పాలమూరు, నల్లగొండ మెట్టభూముల్లో పండే ఆ ఆముదమే. దాన్ని ఆల్కహాల్‌తో కలిపి పైపుల్లో నింపేవారు. కారణం ఉంది: పెట్రోలియం నూనెలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, ఆముదం దాన్ని ఏమీ చేయదు.

కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు తెచ్చిన అమెరికన్ మాల్కమ్ లాహీడ్ అంతకుముందు తమ్ముడు అలన్‌తో కలిసి విమానాలు తయారుచేసినవాడు. తర్వాత లాక్‌హీడ్ పేరుతో ప్రపంచానికి తెలిసిన విమాన కంపెనీకి మూలం ఆ అన్నదమ్ములే. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులున్న డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ 1921లో వచ్చింది. 1924లో క్రైస్లర్ వాటిని మధ్యతరగతి కొనగలిగే కారుకు తెచ్చింది. లాహీడ్ మొదట వాడిన పచ్చితోలు కప్పులు కారిపోతుంటే, వాటి స్థానంలో రబ్బరు కప్పులు పెట్టింది క్రైస్లర్ ఇంజినీర్లే. మాస్టర్ సిలిండర్ కిట్ మార్చినప్పుడు ఇవాళ్టికీ మారేది ఆ రబ్బరు కప్పులే.

● కొండ దిగడం అంటే 18 సార్లు ఆపినట్టు

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే వెయ్యి కిలోల కారును ఒక్కసారి ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడితో లీటరుకు పైగా నీళ్లు మరిగించవచ్చు. మరి తిరుమల నుంచి తిరుపతికి దిగితే? రెండింటి మధ్య ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. లెక్కేస్తే, ఆ దిగుడులో కారు వదిలించుకోవాల్సిన శక్తి 100 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 18 సార్లు పూర్తిగా ఆపినంత. కారు బరువు ఎంతైనా ఈ 18 మారదు. ఇందులో కొంత గాలి, టైర్లు తీసుకుంటాయి. మిగతాది ఇంజిన్ తీసుకోవాలా, బ్రేకులు తీసుకోవాలా అన్నది మీరు వేసే గేరును బట్టి ఉంటుంది. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇప్పటి కార్లలో గేరులో దిగుతూ యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దానంతటదే ఆగిపోతుంది.

ఆ వేడి ఆయిల్‌కు చేరినప్పుడే అసలు ప్రమాదం. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230. అదే ద్రవం 3.7 శాతం నీరు పీల్చుకున్నాక డాట్ 3కి 140, డాట్ 4కి 155 డిగ్రీలు ఉంటే చాలంటాయి ప్రమాణాలు. అంటే పాతబడ్డ ఆయిల్ చాలా ముందే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలుంటే పెడల్ నేలకు. ఇక్కడ తిరకాసు ఏమిటంటే, బండి చల్లబడగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. మర్నాడు మెకానిక్ తొక్కి చూసి "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటాడు. అలాంటప్పుడు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మనలో ఎక్కువమంది కారు అమ్మేదాకా మార్చరు.

● పెడల్ గట్టిగా ఉండీ బండి ఆగకపోతే

అది వేరే జబ్బు. ప్యాడ్లు, లైనర్లు మితిమీరి కాగి రాపిడి తగ్గిపోయాయన్నమాట. ఘాట్ రోడ్డులో పెడల్ మెత్తబడితే ఆయిల్ మరిగింది, గట్టిగా ఉన్నా ఆగకపోతే ప్యాడ్లు కాగాయి. రెండింటికీ అక్కడికక్కడ చేయాల్సింది మాత్రం ఒకటే: పక్కకు తీసి ఆపి, చల్లారేదాకా కూర్చోవడం. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి.

● నీళ్లు పీల్చుకోవడం లోపం కాదు

డాట్ 3, 4, 5.1 ద్రవాలు రబ్బరు గొట్టాల గోడల గుండా, డబ్బా మూత రంధ్రం గుండా గాలిలోని తేమను లాక్కుంటాయి. అలా పీల్చుకోకపోతే ఇంకా నష్టం. నీరు విడిగా చుక్కలుగా పల్లంలో చేరి, అక్కడ ఇనుము తుప్పు పట్టి, 100 డిగ్రీలకే మరిగేది. సిలికాన్‌తో చేసే డాట్ 5 నీటిని కలుపుకోదు, మిగతావాటితోనూ కలవదు. పేర్లు దగ్గరగా ఉన్నా డాట్ 5, డాట్ 5.1 పూర్తిగా వేర్వేరు పదార్థాలు. మూత తీసి నెలల తరబడి అటకమీద ఉంచిన సీసాలోని ఆయిల్ వాడకండి, అది అప్పటికే తేమ తాగేసి ఉంటుంది.

● మట్టం తగ్గిందని పోయకండి

లీకు ఏమీ లేకపోయినా డబ్బాలో ఆయిల్ తగ్గుతుంది. డిస్కు ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే కాలిపర్ పిస్టన్ బయటికి జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అందువల్ల తగ్గిన మట్టం ప్యాడ్లు చూడమని ఇచ్చే సూచన. అది పట్టించుకోకుండా పైదాకా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నొక్కిన రోజున ఆయిల్ పొంగి బయటపడుతుంది. పడిన చోట పెయింట్ లేస్తుంది. వెంటనే నీళ్లతో కడిగేయాలి.

ఇంకో సంగతి. డిస్కు ప్యాడ్లు ఎంత అరిగినా పెడల్ దిగదు, పిస్టన్ తనంతట తానే ముందుకు జరిగి సర్దుకుంటుంది. "పెడల్ బాగానే ఉంది కాబట్టి ప్యాడ్లూ బాగున్నట్టే" అనుకోవడానికి లేదు.

● కాసింత కిరోసిన్ చేసే నాశనం

మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ భాగాలను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. కడిగితే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ పొరపాటున డబ్బాలో పడినా ఫలితం ఇంతే. కప్పులు, సీళ్లు, గొట్టాలు ఉబ్బిపోతాయి. ఒకచోట కాదు, ఆ ద్రవం తాకిన ప్రతి చోటా. బ్రేక్ వ్యవస్థలోని రబ్బరంతా మార్చాల్సి వస్తుంది.

అనుమానం వస్తే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డబ్బాలోంచి కొద్దిగా ఆయిల్ తీసి గాజు గ్లాసులోని నీళ్లలో వేయండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. పైన నూనె తెట్టు తేలితే అందులో కలవకూడనిది కలిసింది. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు పిల్లలకు, కుక్కలకు అందకుండా చూడండి, అది విషం.

● కుడిఎడమలు తారుమారైతే

కాలిపర్లు మార్చాక ఎంత బ్లీడింగ్ చేసినా, అంటే ఎయిర్ తీసినా, పెడల్ మెత్తగానే ఉందా? గాలిని బయటికి వదిలే నిపుల్ ఎక్కడుందో చూడండి. గాలి పైకే పోతుంది కాబట్టి నిపుల్ కాలిపర్ పైభాగంలో ఉండాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే కొన్ని మోడళ్లలో చక్కగా పట్టేస్తాయి, కానీ నిపుల్ అడుగుకు వెళ్తుంది. ఆయిల్ ఎన్ని సీసాలు పోసినా పైనున్న బుడగ కదలదు. అనుభవమున్న మెకానిక్కులు కూడా దీని దగ్గర గంటలు పోగొట్టుకుంటారు.

● ఎయిర్ తీయడానికీ ఓ పద్ధతుంది

ఇద్దరుంటే తేలిక. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదులు చేసి, ఆయిల్ వచ్చాక బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి వస్తుంది. నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టం రెండో కొన కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో మునిగి ఉండాలి. డబ్బాలో మట్టం అడుగంటకూడదు, అంటితే పని మళ్లీ మొదటికొస్తుంది. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం పాత సంప్రదాయం. కుడివైపు స్టీరింగ్ ఉన్న మన కార్లలో అది వెనక ఎడమ చక్రం. కొన్ని మోడళ్లకు వరుస వేరుగా ఉంటుంది, మాన్యువల్ చూడాల్సిందే.

ఇందులో ఒక గండం ఉంది. పాత కారులో మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఏళ్లుగా సగం దూరమే తిరుగుతూ ఉంటుంది. అది చేరని చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. బ్లీడింగ్ కోసం పెడల్‌ను నేలదాకా తొక్కితే కప్పులు ఆ గరుకు మీద రాసుకుని చిరిగిపోతాయి. బ్లీడింగ్‌కు ముందు లేని జారుడు తర్వాత మొదలవడానికి కారణం ఇదే. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టి, నేలదాకా పోకుండా ఆపితే చాలు.

● ఏబీఎస్ ఉంటే

గాలి ఏబీఎస్ మాడ్యులేటర్ లోపలి వాల్వుల్లో చిక్కుకుంటే మామూలు బ్లీడింగ్‌తో చాలా మోడళ్లలో రాదు. స్కానర్ తగిలించి, లోపలి పంపును, వాల్వులను ఆడించాలి. డబ్బా పూర్తిగా ఖాళీ అయిన కారును స్కానర్ లేని షెడ్డుకు తీసుకెళ్లి ప్రయోజనం ఉండకపోవచ్చు.

● బూస్టర్‌ను అనవసరంగా మార్చకండి

ఇంజిన్ ఆన్ చేయగానే పెడల్ కొంచెం కిందికి దిగి మెత్తబడటం ఆరోగ్య లక్షణం. ఇంజిన్ ఆపి, నాలుగైదుసార్లు తొక్కి లోపలి వాక్యూమ్ ఖాళీ చేసి, పెడల్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగితే, వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే బూస్టర్ పనిచేస్తోంది. బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ 1927లో రూపొందించిన ఈ వాక్యూమ్ సాయం దెబ్బతింటే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. మెత్తని పెడల్‌కు బూస్టర్ మార్చమన్న ఎస్టిమేట్ మీ చేతికొస్తే ఇంకో షెడ్డులో అడగండి.

● గొట్టాన్ని నొక్కి దొంగను పట్టడం

చక్రాలకు వెళ్లే రబ్బరు గొట్టాలు పాతబడితే ఒత్తిడికి ఉబ్బుతాయి, పెడల్ సాగినట్టు అనిపిస్తుంది. లోపం ఏ చక్రం దగ్గరుందో తెలియాలంటే మెకానిక్కులు గొట్టాల్ని దెబ్బతినకుండా నొక్కే క్లాంపుతో ఒక్కొక్కటీ మూసి పెడల్ తొక్కి చూస్తారు. ఏది మూసినప్పుడు పెడల్ గట్టిపడిందో ఆ చక్రం వైపే తప్పు. నాలుగూ మూసినా జారుతుంటే మాస్టర్ సిలిండరే అనుమానితుడు. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే మాత్రం కొత్త గొట్టం కొనాల్సిందే. స్టీలు అల్లిక గొట్టాలకు ఈ పరీక్ష పనికిరాదు.

● ఒక పైపు తెగినా సగం బ్రేకులుంటాయి

మాస్టర్ సిలిండర్‌లో రెండు పిస్టన్లు, రెండు విడి దారులు ఉంటాయి. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో సాధారణంగా ముందు ఎడమను వెనక కుడితో, ముందు కుడిని వెనక ఎడమతో కలుపుతారు. ఒక దారి పోతే పెడల్ లోతుకు దిగి అక్కడ పట్టుకుంటుంది. ఆగడానికి చాలా దూరం కావాలి, కానీ ఆగుతుంది. పరుగులో పెడల్ నేలకు పోతే కంగారుపడి ఇంజిన్ ఆపకండి, స్టీరింగ్ బిగుసుకుంటుంది. గబగబా పంపు చేయండి, గేర్లు తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి.

● పెడల్ అనుభూతి నకిలీ కావచ్చు

కొన్ని హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో మామూలు బ్రేకింగ్ అప్పుడు కాలు నొక్కేది నేరుగా ప్యాడ్లను కాదు. లోపలి స్ప్రింగులాంటి ఏర్పాటు కాలికి ఎదురు బలాన్ని ఇస్తుంది, ఎంత బ్రేక్ వేయాలో కంప్యూటర్ తేలుస్తుంది. వాటికి పై పరీక్షలన్నీ వర్తించవు. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు ఏళ్లకేళ్లు అరగవు, కానీ ఆయిల్ మాత్రం తేమ పీల్చుకుంటూనే ఉంటుంది.

● చివరగా ఒక హెచ్చరిక

ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్లను వెనక్కి నొక్కేస్తారు. ఆ తర్వాత మొదటిసారి తొక్కితే పెడల్ నేరుగా నేలకు పోతుంది, బ్రేక్ అస్సలు పడదు. షెడ్డులోంచి రివర్సు తీస్తూ వెనక గోడను గుద్దిన కార్లకు కారణం చాలాసార్లు ఇదే. బండి మీ చేతికొచ్చాక, గేరు వేయకముందే, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. గట్టిపడకపోతే అక్కడినుంచి కదలకండి.